గంధం చాటు స్వామి: సింహాచలం నాకు నేర్పినవి

ఏడాదిలో ఒక్కరోజు తప్ప స్వామి అసలు రూపం కనపడని గుడి మాది. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు వరాహ లక్ష్మీనరసింహస్వామి ఒంటిమీది గంధం ఒలిచి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. ఆ రాత్రికే మళ్లీ గంధం పూసేస్తారు. మిగతా రోజుల్లో గర్భగుడిలో కనిపించేది లింగంలా గుండ్రంగా ఉన్న గంధపు ముద్ద. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గంటల తరబడి క్యూలో నిలబడి, రెండు క్షణాలు చూసి, "ఏం కనపడలేదండీ" అంటూ దిగిపోయే వాళ్లని చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఈ గుడిలో కళ్లకు పని తక్కువ. కాళ్లకూ చేతులకూ చెవులకూ పని ఎక్కువ. ఆ సంగతి తెలిసి వచ్చినవాళ్లు ఖాళీ చేతులతో వెళ్లరు.

కొండ కింద అడవివరంలో కాపురానికొచ్చి, ఆ చుట్టుపక్కల బళ్లలోనే పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. పూజారిని కాను, చరిత్రకారిణిని అంతకంటే కాను. చూసినవీ, విన్నవీ, నడిచి తెలుసుకున్నవీ చెబుతున్నాను.

1. ఒక్కసారైనా మెట్లదారిన ఎక్కండి

బస్సు ఎక్కితే కాసేపట్లో పైన దింపేస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అలాగే వెళ్లాలి, అందులో తప్పేమీ లేదు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మాత్రం కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, సుమారు వెయ్యి మెట్లు నడిచి ఎక్కాలి. మొక్కుకున్న ఆడవాళ్లు మెట్టుమెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ పోతుంటారు. వాళ్ల వెనకాల నడిస్తే తొందర దానంతటదే తగ్గిపోతుంది.

దారికి రెండు పక్కలా పనస, మామిడి, అనాస. సంపెంగ సరేసరి. సింహాచలం సంపెంగ వాసన పట్టిన జడ మూడోనాటికి కూడా చెబుతుంది, ఎక్కడికి వెళ్లొచ్చావో. పైన గంగధార ఉంది. కొండ కడుపులోంచి వచ్చే ఆ నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగా తగులుతాయి. ఆ ధార కింద తల తడుపుకుని గుడికి వెళ్లడం ఇక్కడి అలవాటు. స్వామి అభిషేకానికీ ఆ నీళ్లే. ఆకాశధార, చక్రధార, కొండకు అవతలి పక్క మాధవధార, ఇవన్నీ ఆ కొండ ఊటలే. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్లో తీపినీళ్ల కొండ ఒకటి ఉండటమే, నా దృష్టిలో, ఇక్కడ గుడి వెలవడానికి సగం కారణం.

2. రెండు కథల్నీ వినండి, రెండోదాన్ని వదిలేయకండి

మొదటి కథ అందరికీ తెలుసు. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి సముద్రంలో తోయించి, పైన ఈ కొండను పడేయించాడు. స్వామి గరుత్మంతుడి మీంచి ఒక్క దూకు దూకి పిల్లాణ్ణి కాపాడాడు. ఆ ఊపుకే పాదాలు భూమిలో దిగబడ్డాయంటారు, నిజరూపంలో కూడా పాదాలు కనపడకపోవడం అందుకేనట. పినతండ్రిని చంపిన వరాహాన్నీ, తండ్రిని చంపబోయే నరసింహాన్నీ ఒక్క మూర్తిలో చూపించమని ప్రహ్లాదుడు అడిగాడట. అందుకే స్వామికి వరాహ ముఖం, మనిషి ఒళ్లు, సింహం తోక. త్రిభంగిలో, మూడు చోట్ల ఒంపు తిరిగి నిలబడతాడు.

రెండో కథ పురూరవుడిది. ఆ కథ దగ్గరికి వచ్చేసరికి చాలామంది వాచీ చూసుకోవడం మొదలుపెడతారు. యుగం మారింది, ప్రహ్లాదుడు పూజించిన మూర్తిని పట్టించుకునేవాళ్లు లేక పుట్ట పెరిగి కప్పేసింది. చంద్రవంశపు రాజు పురూరవుడు ఊర్వశితో విమానంలో పోతూ ఈ కొండ దగ్గర ఆగిపోయాడు. ఊర్వశి చెప్పగా వెతికి, పుట్ట తవ్వి, గంగధార నీళ్లు పోసి మట్టి కడిగి మూర్తిని బయటికి తీశాడు. అప్పుడు ఆకాశవాణి పలికిందట: ఎంత పుట్టమన్ను తీశావో అంత గంధం పూయి, ఏడాదికి ఒక్కరోజు మాత్రమే నిజరూపం చూడు, అని.

మొదటి కథ వింటే స్వామి ఎవరో తెలుస్తుంది. ఈ గుడిలో పూజ ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పేది రెండోదే. మనం ఏమరిస్తే దేవుడి మీద కూడా మన్ను పెరుగుతుంది. ఆ మన్ను తీసిన చోట మనిషి తన చేత్తో అరగదీసిన గంధాన్ని పెట్టాలి. నేను పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ కాస్త ఆగేదాన్ని. ఊర్వశి అప్సరసే కావచ్చు, మూర్తి ఎక్కడుందో రాజుకి చెప్పింది మాత్రం ఆమె. ఆడపిల్లలు ఆ మాట దగ్గర తలెత్తి చూసేవాళ్లు.

3. గంధం అరగదీసే చేతుల్ని చూడండి

ఇది నా మనసుకి అన్నిటికంటే దగ్గరైనది, కాస్త వివరంగానే చెబుతాను.

అక్షయ తృతీయ నాటి చందనోత్సవానికి ముందు చైత్ర బహుళ ఏకాదశి నాడు పూజ చేసి గంధం అరగదీత మొదలుపెడతారు. మేలుజాతి చందనపు చెక్కలు, పెద్ద సానరాళ్లు, గిన్నెలో నీళ్లు. మిషన్లు పెట్టరు, అంతా చేత్తోనే. స్వామికి ఏడాదిలో గంధం నాలుగు విడతలుగా సమర్పిస్తారు: వైశాఖ శుద్ధ తదియ రాత్రి, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు. విడతకు మూడు మణుగులు, అంటే సుమారు 125 కిలోలు. మొత్తం పన్నెండు మణుగులు, దాదాపు 500 కిలోల గంధం. పెళ్లిలో బొట్టు కింద పెట్టడానికి ఇంట్లో ఓ చిన్న గిన్నెడు గంధం తీసిన ఆడవాళ్లకి తెలుస్తుంది, 500 కిలోలంటే ఎంత భుజం నొప్పో.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఈ పనిలో ఉండేవాడు. చదువులో చురుకు కాదు కానీ ఓపిక ఎక్కువ. ఒకసారి వాడి చెయ్యి కదలడం దగ్గర నుంచి చూశాను. చెక్కని రెండు చేతులా పట్టుకుని, సాన మీద గుండ్రంగా, ఒకే వేగంతో తిప్పుతున్నాడు. మధ్యలో మూడు వేళ్లతో నీళ్లు చిలకరించడం, ముద్దని అరచేతి అంచుతో పక్కకి లాగడం. నీళ్లు ఎక్కువైతే గంధం జారిపోతుంది, తక్కువైతే చెక్క పట్టేస్తుంది. "ఇంకొంచెం గట్టిగా అదిమితే తొందరగా అవుతుంది కదరా" అన్నాను.

"బరువేస్తే గరుకొస్తాదండి పంతులమ్మగారూ. స్వామి ఒంటికి రాసేది కదా, చెయ్యి తేలిగ్గుండాల" అన్నాడు.

ఆ రోజు నుంచి గర్భగుడిలో ఆ ముద్దని చూస్తే నాకు "ఏం కనపడలేదు" అనిపించదు. సుగంధ ద్రవ్యాలు కలిపి ముద్దగా పెట్టిన ఆ పూతలో ఎందరి అరచేతులో కనిపిస్తాయి. తీసిన గంధాన్ని భక్తులకి ప్రసాదంగా ఇస్తారు. చిన్న పొట్లమే ఇస్తారు, భద్రంగా దాచుకోండి. బీరువాలో చీరల మధ్య పెట్టి మర్చిపోవద్దు. రోజూ కాస్త నీళ్లలో కలిపి నుదుట పెట్టుకోవడానికి ఇచ్చింది అది.

4. నిజరూప దర్శనానికి ఎవరు వెళ్లాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి

చందనోత్సవం నాడు తెల్లవారుజామున వెండి బొరిగెలతో గంధం ఒలుస్తారు. అనువంశిక ధర్మకర్తలైన విజయనగరం పూసపాటి వారికి తొలి దర్శనం. తర్వాత మామూలు జనం, ఇసకేస్తే రాలనంత మంది. రాత్రి శ్రీవైష్ణవ స్వాములు గంగధార నుంచి కుండలతో నీళ్లు మోసుకొచ్చి సహస్ర ఘటాభిషేకం చేస్తారు. ఆ తర్వాత మొదటి విడత గంధం పూస్తారు. మూర్తిని అలా చూసినవాళ్లు దాని గురించి మాట్లాడటానికి తడుముకుంటారు, నేనూ అంతే.

కానీ ఆ రోజు జనం మామూలుగా ఉండరు. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం తెల్లవారుజామున, పెద్ద వానలో, క్యూ పక్కన గోడ కూలి దర్శనానికి వచ్చిన భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఇళ్లల్లో అక్షయ తృతీయ ఇక ఎప్పటికీ మునుపటిలా రాదు. చంకలో పసిపిల్లలున్నవాళ్లు, నెలలు నిండినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు ఆ రోజు వెళ్లవద్దని నేను చేతులు పట్టుకుని చెబుతాను. గంధం పూతలో ఉన్నదీ ఆ స్వామే. జ్యేష్ఠమాసంలో ఏదో ఒక మామూలు మంగళవారం వెళ్లండి, నిలబడి తృప్తిగా చూడొచ్చు.

5. గోడలు చదవడానికి గంటైనా అట్టిపెట్టుకోండి

దర్శనం అయిపోగానే ప్రసాదం కౌంటరు వైపు పరుగెత్తకండి. ఈ గుడి బయటి గోడలు తీరిగ్గా చూడాల్సినవి.

ఆలయం పడమటి ముఖం. గర్భగుడి మీద విమానం కళింగ పద్ధతిలో ఉంటుంది. ముందు పదహారు స్తంభాల ముఖమండపం. ఇప్పుడు మనం చూస్తున్న కట్టడంలో చాలాభాగం తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడి పేరుమీద 13వ శతాబ్దంలో లేచింది. 1268 ప్రాంతపు శాసనం ఈ నిర్మాణాల్ని పేర్కొంటుంది. కోణార్క సూర్యదేవాలయం కట్టించింది కూడా ఈ నరసింహదేవుడే. అందుకే ఇక్కడ చక్రాలతో, ముందుకాళ్లెత్తి దూకుతున్న గుర్రాలతో రాతి రథం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. కోణార్కలో గుడంతా రథమైంది, ఇక్కడ ఆ ఊహ చిన్నగా ఒదిగింది.

నా మాట విని ఉత్తరం వైపు కల్యాణ మండపంలో కాసేపు కూర్చోండి. నల్లరాతి స్తంభాలు 96, ఆరేసి చొప్పున పదహారు వరసలు. దూరం నుంచి అన్నీ ఒకటే అనిపిస్తాయి. దగ్గరికెళ్లి ఒక్కో స్తంభం చుట్టూ తిరగండి. ఒకదాని మీది లత ఇంకోదాని మీద ఉండదు. ఒకచోట హంసలు, ఒకచోట పూలపట్టీ, ఒకచోట ముత్యాల సరాల్లాంటి చెక్కుడు. పైన మాత్రం చాలావాటికి తలకిందులుగా ఉన్న తామరపువ్వు. అన్నిటినీ కలిపి నిలబెట్టేది ఆ తామరే. బడిపిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఇద్దరిద్దరిని ఒక్కో స్తంభం దగ్గర నిలబెట్టి బొమ్మ గీయమనేదాన్ని. ఒక మధ్యాహ్నమంతా గీసినా ఒక్క స్తంభంలో పావువంతు కూడా పూర్తికాక, చెక్కిన చేతుల మీద వాళ్లకి గౌరవం పెరిగేది. ఒకప్పుడు ఈ శిల్పాల మీద సున్నం పూత ఉండేది. అది తొలగించాకే ఈ తీగలూ వేళ్లూ కనురెప్పలూ బయటపడ్డాయి.

ఇక శాసనాలు. ఈ గుడి రాళ్ల మీద వందల శాసనాలున్నాయి, తెలుగు, సంస్కృతం, ఒరియా, తమిళం. అన్నిటికంటే పాతది 11వ శతాబ్దం చివర, చోళ కులోత్తుంగుడి కాలం నాటిది. వెలనాటి గొంకరాజు రాణి మూర్తికి బంగారు తొడుగు చేయించిందని 12వ శతాబ్దపు శాసనం చెబుతోంది. రెడ్డిరాజులు, గజపతులు అందరూ తమ వంతు రాయించారు. 1516లో కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి 991 ముత్యాల హారంతో పాటు నగలెన్నో సమర్పించాడు. వెంట వచ్చిన దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి పతకాలిచ్చారు. మూడేళ్లకు రాయలు మళ్లీ వచ్చాడు. రాజుల శాసనాల దగ్గర అందరూ ఆగుతారు. నాకు ఇష్టమైనవి మాత్రం చిన్నవి: ఒక అఖండ దీపానికి నెయ్యి కోసం, పూలతోట కోసం, పాడేవాళ్ల జీతం కోసం ఇచ్చిన దానాలు. గుడి వందల ఏళ్లు నడిచింది ఆ నేతి మీదే.

ఈ గోడల మధ్యే కృష్ణమాచార్యులు సింహగిరి వచనాలు పాడుకున్నారు. తాళ్లపాక వారికంటే ముందే తెలుగు వచనాన్ని దేవుడి ముందు నిలబెట్టిన మనిషి ఆయన. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకి దక్కిన చోటు చాలదు, ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

6. కప్పస్తంభాన్ని కౌగిలించుకునే ముందు దూడ సంగతి ఆలోచించండి

ముఖమండపంలో కప్పస్తంభం ఉంది. పిల్లల్లేని దంపతులు దాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. కింద సంతాన గోపాల యంత్రం ఉందని నమ్మకం. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజెటీరులో కూడా ఈ స్తంభం ప్రస్తావన ఉంది. గొడ్డుపోయినవాళ్లకి బిడ్డల్నిస్తుందనీ, పశువుల రోగాలు తగ్గిస్తుందనీ జనం నమ్మేవారని రాశారు. ఇది రైతుల దేవుడి గుడి అని ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది.

పాడి బాగుంటే కోడెదూడని స్వామికి, అంటే మా అప్పన్నకి, ఇస్తామని మొక్కుకోవడం ఉత్తరాంధ్ర పల్లెల్లో తరాల నాటి ఆచారం. నేను దాన్ని ఎప్పుడూ చిన్నచూపు చూడను. కానీ పాలు మరవని దూడని తల్లి దగ్గర్నుంచి విడదీసి, ఆటోలో కుక్కి, ఎండలో తెచ్చి వదిలేసిపోవడం మొక్కు తీర్చుకోవడం కాదు. దూడ గడ్డి మేసే వయసు వచ్చేదాకా ఇంట్లోనే పెంచండి. తెచ్చినప్పుడు నాలుగు నెలల మేత ఖర్చు కూడా హుండీలో వేయండి. స్వామి వాయిదాకి ఒప్పుకోడని ఏ శాస్త్రంలోనూ లేదు.

7. గిరి ప్రదక్షిణకి కాళ్లని నెల ముందు నుంచే సిద్ధం చేయండి

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం బయల్దేరతారు. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతువాక, జోడుగుళ్లపాలెం, ఇసుకతోట, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్లీ సింహాచలం. జోడుగుళ్లపాలెం దగ్గర చాలామంది సముద్రస్నానం చేస్తారు. తడిబట్టలతో నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి, పొడి పంచె ఒకటి సంచిలో పెట్టుకోండి. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పాటలు పాడుకుంటూ పోతుంటాయి, వాళ్ల నడకలో కలిస్తే అలుపు తెలియదు.

దారిపొడవునా మజ్జిగ, పులిహోర, పళ్లు ఇస్తూనే ఉంటారు. ఇచ్చిన ప్రతిదీ తింటే మాధవధార దాటలేరు. మజ్జిగ తాగండి, తిండి తగ్గించండి. ఎక్కడా పది నిమిషాలకి మించి కూర్చోవద్దు, కాళ్లు బిగుసుకుపోతాయి. మధ్యలో ఆగిపోతే సిగ్గుపడొద్దు, మరుసటేడు ఆగిన చోటి నుంచి ఇంకాస్త ముందుకి వెళ్తారు. ఆ రాత్రి నగరంలో పెద్ద ఉద్యోగి, ఆయన ఇంట్లో పనిచేసే మనిషి, ఇద్దరూ చెప్పుల్లేకుండా ఒకే రోడ్డు మీద నడుస్తారు. మంచినీళ్ల గ్లాసు అందించే పిల్లలు ఇద్దర్నీ ఒకేలా "తీసుకోండి స్వామీ" అంటారు.

8. అప్పన్నని చుట్టంగా చూడటం నేర్చుకోండి

పాంచరాత్ర ఆగమం, ధనుర్మాసంలో తిరుప్పావై, ముక్కోటికి ఉత్తర ద్వారం, 108 బంగారు సంపెంగలతో అర్చన, ఇవన్నీ వైభవంగా జరుగుతాయి. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది కొండ దిగివచ్చే అప్పన్న సంగతి.

బడిలో హాజరు పిలుస్తుంటే అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాద్రి, నరసింహం వరసగా పలికేవాళ్లు. సింహాచలం అని పిలిస్తే ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల ఇద్దరూ లేచేవాళ్లు. మా వైపు పుట్టిన పిల్లకి పేరు పెట్టడమంటే ముందు కొండ వైపు చూడటమే.

ఫాల్గుణ పౌర్ణమి నాడు డోలోత్సవం. స్వామి పల్లకిలో కొండ దిగి అడవివరం వస్తాడు. ఇక్కడి పైడితల్లి అమ్మవారు ఆయనకి చెల్లెలు. చెల్లెలి ఇంటికొచ్చి, మేనకోడల్ని తనకిచ్చి పెళ్లి చేయమని అడుగుతాడని మావాళ్లు చెప్పుకుంటారు. మేనరికం మా ఇళ్లల్లో ఎలా జరుగుతుందో దేవుడి ఇంట్లోనూ అలాగే. ఉగాదికి పందిరిరాట వేస్తారు, చైత్ర శుద్ధ ఏకాదశికి పెళ్లి. రథం నడిపే బాధ్యత సముద్రం మీద బతికే జాలరి పెద్దలది. కొండ మీద వేదం చదివే శ్రీవైష్ణవులకీ, రథం తాడు పట్టే జాలర్లకీ, దూడ తెచ్చే రైతుకీ, చెల్లెలి వరసైన గ్రామదేవతకీ, ఎవరి చోటు వాళ్లకి ఉన్న పెళ్లి అది.

చందనోత్సవం టికెట్ల కోసం ఎంతోమంది నన్ను అడుగుతారు. పెళ్లి మాటలకి వస్తామని అడిగేవాళ్లు లేరు. ఈసారి ఫాల్గుణ పౌర్ణమికి రండి. కొండ దిగే దారిలో పొద్దున్నే నిలబడితే పల్లకి మీ ముందునుంచే వెళ్తుంది. ఆ రోజు రంగులు చల్లుకుంటారు కాబట్టి పాత బట్టలు కట్టుకోండి, మా వీధిలో మంచినీళ్లకీ మజ్జిగకీ కొదవ ఉండదు.